ఇల్లు అద్దెకిచ్చే ముందు ఏం అడగాలి, ఏం చూడాలి

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫ్యామిలీయేనా, బ్యాచిలర్సా? సొంతూరు ఎక్కడ? ఇంటిపేరేంటండీ? నాన్‌వెజ్ తింటారా? ఉద్యోగం సంగతి ఆ తర్వాతెప్పుడో వస్తుంది, అదీ కంపెనీ పేరు విని ఊరుకోవడమే తప్ప ఒక కాగితం చూపించమని అడిగేవాళ్ళు తక్కువ. అదే ఓనర్‌ని కూర్చోబెట్టి అసలు మీ భయం ఏంటని అడిగితే చెప్పేవి వేరే: అద్దె ఎగ్గొడతారేమో, ఖాళీ చేయమంటే చేయరేమో, ఇల్లు పాడు చేస్తారేమో, రేపు పోలీసులొచ్చి తలుపు కొడితే మన పరిస్థితేంటి. ఈ నాలుగు భయాలూ న్యాయమైనవే. చాలామందికి ఆ ఇల్లు రిటైర్‌మెంట్ డబ్బుతో కట్టుకున్నది, లేదా ఇంకా లోన్ నడుస్తున్నది, అద్దె రాకపోతే ఈఎంఐ ఆగుతుంది. కానీ ఫోన్‌లో అడిగిన ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఈ నాలుగింటికి జవాబు చెప్పదు. ఇంటిపేరు తెలిసినంత మాత్రాన అద్దె ఏ తారీఖుకి పడుతుందో తెలియదు. పెళ్ళయిందని తెలిస్తే గోడలకి మేకులు కొట్టరని గ్యారంటీ లేదు.

కాబట్టి ఏ భయానికి ఏ ఆధారం చూడాలో విడివిడిగా ఆలోచించుకోవడం మంచిది.

ముందు అద్దె. వచ్చే ఆదాయంలో మూడో వంతు దాటని అద్దె అయితే సాధారణంగా ఇబ్బంది లేకుండా కట్టగలుగుతారు, 20 వేల అద్దెకి నెలకి 60 వేల చుట్టుపక్కల చేతికొస్తూ ఉండాలన్నమాట. ఉద్యోగస్తులైతే గత మూడు నెలల పే స్లిప్‌లు చాలు. కొత్తగా చేరినవాళ్ళయితే ఆఫర్ లెటర్ చూపిస్తారు, అయితే ఆఫర్ లెటర్ అంటే ఇస్తామన్న జీతమే గానీ ఇచ్చిన జీతం కాదు, దాంతోపాటు ఇంకేదైనా ఆధారం ఉండాలి. పే స్లిప్ కన్నా ఎక్కువ చెప్పేది ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్. నెల మొదట్లో జీతం పడటం, ఐదో తారీఖులోపు పాత ఓనర్‌కి అద్దె పోవడం, అదే వరుస ప్రతి నెలా కనబడుతుంటే అంతకన్నా మంచి సర్టిఫికెట్ లేదు. ఈఎంఐలు తిరిగొచ్చి బ్యాంకు వేసిన రిటర్న్ చార్జీలు రెండు మూడు చోట్ల ఉంటే మాత్రం దాని గురించి అడగాలి. ఎవరికి ఎంత పంపారు, ఏ ఆసుపత్రిలో ఎంత కట్టారు అనే వివరాలు ఓనర్‌కి అక్కర్లేదు, జీతం, అద్దె ఉన్న లైన్లు ఉంచి మిగతావి కొట్టేసి ఇస్తామంటే ఒప్పుకోవాలి.

ఆటో నడిపేవాళ్ళకీ, కర్రీ పాయింట్ పెట్టుకున్నవాళ్ళకీ, టైలరింగ్ చేసేవాళ్ళకీ పే స్లిప్ ఉండదు. ఉండదు కాబట్టి వద్దనడం తొందరపాటు. వాళ్ళ యూపీఐ ఖాతాలో రోజూ పడే చిన్న చిన్న మొత్తాలే వాళ్ళ జీతం, ఆరు నెలల లావాదేవీలు చూస్తే నెలకి ఎంత వస్తోందో సుమారుగా అర్థమైపోతుంది. సిబిల్ రిపోర్టు, అంటే తీసుకున్న అప్పులు ఎలా తీర్చారో చూపే కాగితం, అడిగే ఓనర్లు కూడా ఈమధ్య కనిపిస్తున్నారు. ఈ రిపోర్టులిచ్చే క్రెడిట్ సంస్థలు ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 2017 నుంచీ ఉంది గనక, అద్దెకొచ్చే మనిషి తనే తీసి చూపించొచ్చు. కానీ అసలు ఎప్పుడూ అప్పు తీసుకోని మనిషికి స్కోరే ఉండదు. అది లోపం కాదు.

వీటన్నిటికన్నా పనికొచ్చేది, దాదాపు ఎవరూ చేయనిది, పాత ఓనర్‌కి ఒక ఫోన్. అందులోనూ ఒక మెలిక ఉంది. ప్రస్తుతం ఉంటున్న ఇంటి ఓనర్‌కి ఆ కుటుంబం వెళ్ళిపోతే చాలు అనిపిస్తుంటే ఫోన్‌లో తెగ పొగుడుతాడు, మంచివాళ్ళు వెళ్ళిపోతున్నారని బాధగా ఉంటే పొడిపొడిగా మాట్లాడతాడు. అందుకే దానికి ముందు ఉన్న ఇంటి ఓనర్‌తో మాట్లాడటం మేలు, ఆయనకి ఇప్పుడు పోయేదీ వచ్చేదీ ఏమీ లేదు. పాత అగ్రిమెంటు కాపీ అడిగితే పేరూ అడ్రసూ దొరుకుతాయి, నంబరు అద్దెకొచ్చేవాళ్ళే ఇస్తారు. ‘మంచివాళ్ళేనా అండీ?’ అని అడిగితే ‘ఆ, మంచివాళ్ళే’ అంటారు, అక్కడితో అయిపోతుంది. అలా కాకుండా ‘అద్దె మామూలుగా ఎన్నో తారీఖుకి వేసేవారండీ? వెళ్ళేటప్పుడు కరెంటు బిల్లు కట్టేసి వెళ్ళారా? ఖాళీ చేస్తామని ఎన్నాళ్ళ ముందు చెప్పారు? అడ్వాన్సులో ఏమైనా పట్టుకోవాల్సి వచ్చిందా?’ అని అడిగితే ఒక్కోదానికీ ఒక్కో జవాబు చెప్పాలి, అబద్ధం చెప్పడం కష్టం. చివరగా ‘మళ్ళీ వస్తే ఇల్లు ఇస్తారా?’ అనండి. ఆ ప్రశ్నకి వెంటనే ‘ఎందుకివ్వనండీ’ అన్నారా, లేక కాసేపాగి ‘ఇప్పుడు ఖాళీ లేదులెండి’ అని తప్పించుకున్నారా అన్నది విన్నవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అపార్ట్‌మెంట్ అయితే పాత చోటి వాచ్‌మన్‌కి ఇంకా ఎక్కువ తెలుస్తుంది, అర్ధరాత్రి గొడవలైనా, మెయింటెనెన్స్ బాకీలైనా ముందు అతని దగ్గరికే వస్తాయి.

ఇక కులం, మతం, పెళ్ళి. ఇది నేరుగా మాట్లాడుకోవాల్సిన విషయం. మన ఊళ్ళలో ఇంటిపేరు అడగడం వెనకున్న ఉద్దేశం అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. చెప్పాక ‘ఇంకెవరో అడ్వాన్స్ ఇచ్చేశారండీ’ అనే మాట వస్తుంది, బోర్డు మాత్రం ఇంకో నెల అలాగే వేలాడుతుంది. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ మీద ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్ బృందం చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఇల్లు కావాలని అడిగినప్పుడు అగ్రకులాల పేర్లున్నవాళ్ళకి సులువుగా దొరికిన ఇళ్ళు దళితులకీ ముస్లింలకీ చాలాచోట్ల దొరకలేదని, దొరికినా షరతుల మీద దొరికాయని అందులో తేలింది. తెలుగు నగరాల్లో ఇల్లు వెతుక్కున్న ఏ దళిత కుటుంబాన్ని, ఏ ముస్లిం కుటుంబాన్ని అడిగినా ఇది కొత్త సంగతి కాదంటారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇంకో అవమానం. ‘వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందండీ?’ అని ఓనర్ అడిగేది పరామర్శకి కాదు, వాళ్ళు ఈ ఇంట్లో పోతే మైల అని. ఆసుపత్రిలో ప్రాణం పోయిన మనిషిని అద్దె ఇంటి గేటు దాటనివ్వక, రోడ్డు పక్కన టెంటు వేసుకుని శవంతో రాత్రంతా కూర్చున్న కుటుంబాల వార్తలు మన పత్రికల్లో ఎన్నిసార్లు రాలేదు! అద్దె కట్టిన నెలలో ఆ ఇల్లు ఆ కుటుంబానిదే. ఇంట్లో మనిషి పోయినప్పుడు గుమ్మం ముందు కాసేపు పడుకోబెట్టుకునే హక్కు లేదనడానికి ఏ నమ్మకమూ సరిపోదు.

దీనికి డబ్బు లెక్క కూడా ఉంది. 20 వేల అద్దె ఇల్లు ‘మనవాళ్ళు’ దొరికేదాకా మూడు నెలలు ఖాళీగా ఉంచితే పోయేది 60 వేలు, అంటే ఏడాది అద్దె 2 లక్షల 40 వేలలో పావు వంతు. పైగా ఆ మూడు నెలల మెయింటెనెన్స్ ఓనర్ జేబులోంచే పోతుంది. హైదరాబాద్‌లో మామూలుగా తీసుకునే రెండు నెలల అడ్వాన్సు 40 వేలు, బాకీలో అంతవరకు అదే తీర్చేస్తుంది. ఎవరో ఎగ్గొడతారేమోనన్న భయంతో, రెండు మూడు నెలలు ఎగ్గొడితే పోయేదానికన్నా ఎక్కువ ముందే పోగొట్టుకుంటున్నారు. బ్యాచిలర్స్ విషయంలోనూ ఇంతే. ముగ్గురు ఉద్యోగస్తులు కలిసి తీసుకుంటే మూడు జీతాలు, ఒకరికి ఉద్యోగం పోయినా మిగతా ఇద్దరు కట్టగలరు. నిజంగా అడ్డొచ్చేది రాత్రిపూట గోల. ముగ్గురి పేర్లూ అగ్రిమెంటులో రాసి, మొత్తం అద్దెకి ముగ్గురూ కలిసీ విడివిడిగానూ బాధ్యులని రాస్తే, రాత్రి పదిన్నర తర్వాత సౌండ్ సిస్టమ్ వద్దని ముందే చెప్తే చాలావరకు సర్దుకుంటుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు బ్యాచిలర్స్‌కి ఒప్పుకోరనుకుంటే ఆ సంగతి అడ్వాన్స్ తీసుకున్నాక కాదు, ఇల్లు చూపించకముందే కనుక్కోవాలి.

అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడం నేరుగా చట్ట విరుద్ధం. డల్లాస్‌కో అట్లాంటాకో చదువుకోడానికి వెళ్ళే మన పిల్లలు అక్కడ పడే టెన్షన్ వేరే, కొత్తగా దిగినవాళ్ళకి క్రెడిట్ హిస్టరీ ఉండదు. అప్పుడు ఎక్కువ డిపాజిట్ కట్టడమో, పూచీ ఉండే మనిషిని చూపించుకోవడమో చేస్తారు. కాగితం లేకపోతే దానికి బదులు ఇంకో కాగితం అడుగుతున్నారు, అంతే. ఇక్కడ ఇంటిపేరు నచ్చకపోతే దానికి బదులు చూపించడానికి ఏమీ ఉండదు.

ఖాళీ చేయరేమో అన్న భయానికి మూలం సగం అనుభవం, సగం అపోహ. పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందన్నది పెద్ద అపోహ. అద్దెకున్న మనిషి ఓనర్ అనుమతితో ఉన్నవాడు, అద్దెకుంటూనే ఓనర్ హక్కుని కాదనడానికి సాక్ష్య చట్టమే ఒప్పుకోదు. అద్దె రసీదులో, బ్యాంకు ఎంట్రీలో, అగ్రిమెంటో ఉన్నంతవరకు ఆ దిగులు అక్కర్లేదు. పదకొండు నెలల అగ్రిమెంటు గురించి కూడా తప్పు అభిప్రాయమే ఎక్కువ. 1908 రిజిస్ట్రేషన్ చట్టం మొదట ఏడాది దాటే లీజునే తప్పనిసరిగా రిజిస్టర్ చేయించమంది, ఉమ్మడి రాష్ట్రంలో 1999 సవరణతో అన్ని లీజులకీ అది తప్పనిసరి అయింది, అయినా ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోడానికి పదకొండు నెలలు రాసుకుంటున్నారు తప్ప, పన్నెండో నెలలో సామాను బయట పడేసే హక్కేమీ దానివల్ల రాదు. గడువు దాటాక అద్దె తీసుకుంటూ పోతే అది నెలవారీ అద్దె కింద నడుస్తుంది. దాన్ని ముగించాలంటే ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి, అప్పటికీ కదలకపోతే కోర్టుకే వెళ్ళాలి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నుంచి, కార్పొరేషన్ల పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెల్ని 2005 సవరణతో మినహాయించారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆ అద్దెకి ఒక గది కూడా కష్టం, అంటే తగాదాలు చాలావరకు మామూలు సివిల్ కోర్టుకే పోతాయి, అక్కడ ఏళ్ళు పట్టొచ్చు. కరెంటు తీసేయడం, తాళం మార్చేయడం లాంటివి చేస్తే ఓనరే ఇరుక్కుంటాడు, అలా బలవంతంగా గెంటేస్తే అద్దెకున్నవాళ్ళు ఆరు నెలల్లోపు దావా వేసి మళ్ళీ ఇంట్లోకి రావచ్చు.

అంటే ఇచ్చేముందు పడే శ్రమే అసలైన రక్షణ. అడ్వాన్స్ ఎక్కువ తీసుకుంటే సరిపోతుందనుకునేవాళ్ళు ఉంటారు, కానీ రెండు నెలల అడ్వాన్సు రెండు నెలల బాకీతోనే తీరిపోతుంది, నోటీసు దాకా వచ్చేసరికి మూడో నెల నడుస్తుంటుంది. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం కూడా నివాస ఇళ్ళకి డిపాజిట్ రెండు నెలలు దాటకూడదనే అంటుంది, అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

పోలీసుల భయం ఊరికే పుట్టింది కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగినప్పుడు, నిందితులు నగర శివార్లలో ఇల్లు అద్దెకి తీసుకుని ఉన్నారని దర్యాప్తులో బయటపడింది. అద్దెకున్నవాళ్ళ వివరాలు స్టేషన్‌లో ఇవ్వడం అప్పటి నుంచి జాగ్రత్తపరులైన ఓనర్లకి అలవాటైంది, తెలంగాణలో హాక్ ఐ యాప్‌లో కూడా ఆ వివరాలు నమోదు చేయొచ్చు. ఎక్కడైనా పోలీస్ కమిషనర్ తప్పనిసరి అని ఉత్తర్వు ఇస్తే దాన్ని పట్టించుకోకపోవడం నేరమే అవుతుంది. విదేశీయులకి ఇల్లిస్తే 24 గంటల్లోగా వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, టోలిచౌకి వైపు ఆఫ్రికా దేశాల విద్యార్థులకి ఇళ్ళిచ్చే ఓనర్లకి ఇది బాగా తెలుసు. అయితే పోలీస్ వెరిఫికేషన్ చెప్పేది కేసులున్నాయా లేదా అన్నంతవరకే, అద్దె కడతారా లేదా అన్నది అందులో రాదు.

ఆధార్ విషయంలో చాలామంది జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. జిరాక్స్‌లో ఫొటో మార్చడం పెద్ద పని కాదు. కార్డు మీదున్న క్యూఆర్ కోడ్‌ని ఆధార్ ఇచ్చే ఉడాయ్ వాళ్ళ యాప్‌తో స్కాన్ చేస్తే అసలు పేరు, ఫొటో అక్కడికక్కడే వస్తాయి, ఎదురుగా ఉన్న మనిషితో పోల్చుకోడానికి ఒక నిమిషం పట్టదు. దాచుకోడానికి చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. ఇల్లు ఇవ్వనివాళ్ళ కాగితాలు ఉంచుకోకుండా చింపేయాలి, ఫోన్‌లో ఉన్నవి డిలీట్ చేయాలి. నలుగురి ఆధార్ కాపీలు వాట్సాప్‌లో తిరగడం ఎవరికీ మంచిది కాదు.

అద్దెకొచ్చేవాళ్ళ వేషంలో వచ్చే మోసగాళ్ళు కూడా ఉన్నారు, ఇల్లు ఆన్‌లైన్‌లో పెట్టగానే మొదటి ఫోన్లు ఒక్కోసారి వాళ్ళవే. ‘నేను ఆర్మీలో చేస్తాను, హైదరాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు చూడక్కర్లేదు, ఇప్పుడే అడ్వాన్స్ పంపేస్తాను’ అంటాడు, ఐడీ కార్డు ఫొటో పంపిస్తాడు, తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుందంటాడు. యూపీఐలో డబ్బు తీసుకోడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పిన్ కొట్టామంటే పంపుతున్నట్టే. ఇల్లు చూడకుండా, బేరమాడకుండా తొందరపెట్టేవాళ్ళని అక్కడే ఆపేయడం మంచిది.

ఇంటిని దేనికి వాడతారు, ఎంతమంది ఉంటారు అనేవి అడిగి ఊరుకోకుండా అగ్రిమెంటులో రాయించాలి. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు నలుగురికని తీసుకుని మంచాలు వేసి పదిమందిని పెట్టి హాస్టల్ నడపడం అమీర్‌పేట, ఎస్సార్ నగర్ చుట్టుపక్కల తెలిసిన కథే. ఇంట్లో వ్యాపారం మొదలైతే కరెంటు కేటగిరీ మారుతుంది, ఆస్తి పన్ను మారుతుంది, నోటీసు వచ్చేది ఓనర్ పేరు మీదే. గోడలు, గీజరు, కుళాయిలు, స్విచ్‌బోర్డులు తాళాలిచ్చే రోజున ఇద్దరూ కలిసి ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఖాళీ చేసే రోజున పెయింటింగ్ దగ్గర జరిగే గొడవ చాలావరకు తప్పుతుంది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం, అద్దెకున్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది, దానికి వాళ్ళ రేషన్ కార్డు, ఆధార్ ఇంటి సర్వీస్ నంబరుకి జతచేయాలి. అలా జతచేస్తే ఇల్లు వాళ్ళ పేరుకి మారిపోతుందేమోనని ఒప్పుకోని ఓనర్లు ఉన్నారు. దానివల్ల ఇంటి మీద ఏ హక్కూ రాదు, ఒక పేద కుటుంబానికి నెలనెలా వందల రూపాయలు మిగులుతాయి.

ఓనర్ అమెరికాలో ఉండి ఇల్లు నల్లగండ్లలోనో తెల్లాపూర్‌లోనో ఉంటే ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఎన్నారై ఓనర్‌కి అద్దె కట్టేవాళ్ళు ఆదాయపు పన్ను కింద 30 శాతం, దాని మీద సెస్సు పట్టుకుని కట్టాలి, అద్దె ఎంత తక్కువైనా సరే. ఇక్కడే ఉండే ఓనర్‌కైతే నెలకి 50 వేలు దాటితేనే, అదీ 2024 అక్టోబరు నుంచి 2 శాతమే. తాళాలు బావమరిది దగ్గరో మేనేజర్ దగ్గరో ఉంటాయి, వాళ్ళకి ఇవేవీ తెలియవు, అద్దెకొచ్చినవాళ్ళకి ఏడాది చివర్లో తెలిసి కంగారు పడతారు.

ఇదంతా ఓనర్ వైపు నుంచి. అద్దెకొచ్చేవాళ్ళు కూడా ఓనర్‌ని ఇలాగే చూసుకోవాలి, ఎందుకంటే ఖాళీ ఫ్లాట్ తాళాలు సంపాదించి తనదేనని చెప్పి నలుగురి దగ్గర అడ్వాన్స్ తీసుకుని మాయమైనవాళ్ళూ ఉన్నారు. ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీదున్న పేరు, ఓనర్ ఆధార్ మీదున్న పేరు కలుస్తున్నాయా చూడాలి, ఇల్లు తండ్రి పేరు మీదుంటే ఆయనతోనే అగ్రిమెంటు రాయించుకోవాలి, సర్వీస్ నంబరు కొట్టి పాత కరెంటు బాకీ ఏమైనా ఉందేమో అడ్వాన్స్ ఇవ్వకముందే ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. ఏడాదికి అద్దె లక్ష దాటితే జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మీద పన్ను మినహాయింపు కోసం ఓనర్ పాన్ నంబరు కావాలి, ఇస్తారా ఇవ్వరా అని మొదటి రోజే అడగాలి. కుదిరితే ఖాళీ చేసి వెళ్తున్న కుటుంబంతో ఐదు నిమిషాలు మాట్లాడాలి: ఎండాకాలంలో బోరు నీళ్ళు ఎలా ఉంటాయి, ట్యాంకర్ డబ్బులు ఎవరు పెట్టుకుంటారు, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చారా, ఎన్ని రోజులకి ఇచ్చారు.